వెళ్ళొస్తానని అనకూడని చోటు

జూన్ 20

ఈ పుస్తకం మా ఆఫీసు హెచ్చార్ శిరీష తెచ్చింది. పళ్ళబుట్ట, పూలగుత్తి, వాటి మధ్యలో ఇది. ప్రతి పేజీ పైనా ఇంగ్లిషులో 'ఈ రోజు నేను దేనికి కృతజ్ఞురాలిని' అని అచ్చేసి, కింద ఓ గీత గీసి పెట్టారు. సరే, రాస్తాను. నేను పడ్డ బల్ల ప్లైవుడ్‌ది అయినందుకు కృతజ్ఞురాలిని. అది విరిగి నా నడుము నిలబెట్టింది.

పొద్దున్న ఇంకో డాక్టరు వచ్చి "ఎలా పడ్డారమ్మా?" అని అడిగాడు. అడిగిన ప్రతివాళ్ళకీ చెప్పి చెప్పి పాఠం నోటికొచ్చేసింది. పేరు వాసంతి. రాయదుర్గంలో ఓ అద్దాల టవర్లో ఏసీలు, పైపులు చూసే మెయింటెనెన్స్ ఇంజినీర్ని. ఏడో అంతస్తు మీటింగ్ రూములో పైనుంచి నీళ్ళు కారుతున్నాయంటే చూడ్డానికి ఫాల్స్ సీలింగ్ పైకెక్కాను. నడుముకి బెల్టు ఉంది. దాని కొక్కెం తగిలించబోతుండగా, నిలబడ్డ చెక్కపలక జారింది. కాలు వెళ్ళి సీలింగ్ అట్ట మీద పడింది. ఆ అట్ట బల్లుల్ని మోస్తుంది, మనుషుల్ని మొయ్యదు. కింద మీటింగ్ జరుగుతోంది. నేనూ హాజరయ్యాను.

కుడి మోకాలి కింద ఎముక ముక్కలైంది. కోసి, ప్లేటు పెట్టి, స్క్రూలు బిగించారు. ఏ సైజు స్క్రూలని అడిగితే డాక్టరు పగలబడి నవ్వాడు. నేను నిజంగానే అడిగాను. మణికట్టు కూడా బెణికింది, అందుకే నా రాత కోడి కెలికినట్టుంది.

అత్తయ్య దర్యాప్తు మాత్రం మొదటి రోజే పూర్తయింది.

"ఆ వేళ పొద్దున్న గుమ్మం దాటుతూ ఏవన్నావ్? 'వెళ్తున్నా' అన్నావు. 'వెళ్ళొస్తాను అనమ్మా' అని నేను వెనకనుంచి అరుస్తూనే ఉన్నాను. 'అదేలెండి' అనేసి లిఫ్టెక్కేశావు."

"అమ్మా, పలక జారింది. దానికి బోల్టు లేదట" అన్నాడు మధు. మా ఆయన ప్రభుత్వోద్యోగి, కారణం కాగితం మీద ఉండాలి.

"పలక ఎందుకు జారిందంటావ్ మరి?" అంది అత్తయ్య.

మధు ఆసుపత్రి బిల్లులు లెక్కపెట్టడం మొదలెట్టాడు.

జూన్ 24

నానక్‌రామ్‌గూడలో ఉన్న ఈ రీహాబ్ ఆసుపత్రికి మార్చారు. మళ్ళీ నడక నేర్పేది ఇక్కడేనట. కిటికీలోంచి కింద షేర్ ఆటోల అరుపులు, పైన టవర్లు. ఏ టవర్లో ఏసీ నీళ్ళు చల్లబరిచే చిల్లర్ ఎక్కడుంటుందో ఇక్కణ్ణుంచే చెప్పగలను.

ఫిజియోథెరపిస్టు పేరు భవాని. ముప్ఫై కూడా ఉండవు. ఇక్కడి పిల్లే. ఈ ఆసుపత్రి కట్టిన చోట వాళ్ళ తాత జొన్నలు వేసేవాడట. చూడ్డానికి సన్నగా ఉంది కానీ చేతులు పట్టకార్లు.

"ఎట్లున్నవ్ అక్కా? నొస్తుందా?"

"పర్లేదండి. మీరు కానివ్వండి."

"నేనేం గానిస్త? మోకాలు నీది. నువ్వు గానియ్యాలె. వంచు."

వంచాను. నాలోంచి వచ్చిన అరుపు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది.

వ్యాయామాల హాల్లో మూల సీలింగ్ టైలు ఒకటి కుంగి ఉంది. ఎవరూ చూసుకోరు కాబోలు. భవానికి చెప్పాను. "టైలు సంగతి తర్వాత, ముందుగాల కాలు సంగతి జూడు" అంది.

వార్డులో మంచం మార్పించుకున్నాను. ఏసీ గాలి మొహాన కొడుతోందని చెప్పాను. ఇప్పుడు కిటికీ పక్కన ఉన్నాను. ఇక్కడ పైన ఫాల్స్ సీలింగ్ లేదు, ఉత్త స్లాబు. అది కాకతాళీయం.

జూన్ 25

నొప్పి. ఈ రోజు నేను ఎవరికీ కృతజ్ఞురాలిని కాను.

జూన్ 30

సాయంత్రం ఓ కుర్రాడు స్వీట్ల డబ్బాతో వచ్చాడు. ఎవరో గుర్తుపట్టలేదు.

"నేను రోహిత్, మేడమ్. మీరు పడింది మా మీటింగ్‌లోనే."

లోకంలో ఇలాంటి పరిచయం ఇంకెవరికీ జరిగి ఉండదు. వాళ్ళ టీముకి ఈ అబ్బాయే లీడట. ఆ సమయానికి అమెరికా క్లయింటుతో వీడియో కాల్లో ఉన్నారట.

"క్లయింట్ ఫుల్ షాక్ మేడమ్. మీటింగ్ ఆపేసి, డెడ్‌లైన్ రెండు వారాలు వెనక్కి జరిపారు. మా టీమంతా మీకు థాంక్స్ చెప్పమన్నారు." అనేసి, అన్నది ఏమిటో అర్థమై మొహం కందగడ్డ చేసుకున్నాడు. "అంటే... అలా కాదు మేడమ్..."

"పర్లేదు బాబూ. ఇంకేదైనా డెడ్‌లైన్ ఉంటే ముందే చెప్పు."

అప్పుడు ఆ అబ్బాయికి కాస్త ధైర్యం వచ్చింది. "మీరు పడ్డాక ఏమన్నారో మీకు గుర్తుందా?"

నాకు గుర్తున్నది చప్పుడు. ఆ తర్వాత అంబులెన్సు. మధ్యలో ఏమీ లేదు.

"బల్ల విరిగి, మీరు దాని మీద ఉన్నారు. కాలు... కాలు వద్దులెండి. మేమంతా కొయ్యబారిపోయాం. మీరు మా అందరివంకా చూసి 'సారీ అండి, మీరు కానివ్వండి' అన్నారు."

మధు నవ్వాడు. అత్తయ్య కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇప్పుడు వాళ్ళ ఫ్లోరంతా అదే ఊతపదమట. కాఫీ ఒలికినా, కాల్ కట్టయినా "సారీ అండి, మీరు కానివ్వండి." నేనూ నవ్వాను.

వాళ్ళు వెళ్ళాక ఏడుపొచ్చింది. ఎముక బయటికి వచ్చినప్పుడు కూడా అడ్డం వచ్చినందుకు సారీ చెప్పానా నేను? ఎంత మర్యాదస్థురాలిని! నా మీద నాకే కోపమొచ్చింది.

జూలై 8

వాకర్ మీద హాలు చివరిదాకా వెళ్ళాను, కుడికాలు నేల మీద మోపకుండా, తొక్కుడుబిళ్ళ ఆటలో లాగా. భవాని చప్పట్లు కొట్టింది. ఆ టైలు ఇంకా అలాగే ఉంది. దాని కిందికి వచ్చేసరికి కొంచెం పక్కకి జరిగి నడిచాను. అక్కడ నేల తడిగా ఉన్నట్టనిపించింది.

జూలై 12

డిశ్చార్జి. ఇంట్లో చెయ్యాల్సిన వ్యాయామాలన్నీ భవాని నేర్పింది. రోజూ వంచాలి, నొచ్చినా వంచాలి, వంచకపోతే లోపల బిగుసుకుపోతుంది.

అంతా బాగానే జరిగింది, గుమ్మం దాకా. అక్కడ వీల్‌చెయిర్లోంచి వెనక్కి తిరిగి, "వెళ్ళొస్తాను భవానీ" అన్నాను.

భవాని రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "అయ్యో అక్కా! దవాఖానల గా మాట అంటరా?"

అత్తయ్య మొహంలో రక్తం లేదు. అనాల్సిన రోజున అనని మాట, అనకూడని చోట అన్నాను.

"సరే సరే, వస్తానమ్మా" అన్నాను కంగారులో.

"అదీ అనొద్దు! మల్ల ఎందుకొస్తవ్?"

"పోనీ, ఉంటాను."

"యాడ ఉంటవ్? ఈడనేనా?"

ఇంకేం మిగిలింది? మళ్ళీ కలుద్దాం అనబోయి నాలిక కరుచుకున్నాను. సెలవు తీసుకోవడానికి నాకు వచ్చిన మాటలన్నీ తిరిగి రావడం గురించే. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఎంత ముచ్చటైన మాటలో, ఆసుపత్రి గుమ్మంలో అంత ప్రమాదం.

"'పోతున్న' అను అక్కా. సాఫ్ సీదా. పోతున్న, అయిపోయింది, ఇగ రాను."

"రామ రామ!" అంది అత్తయ్య. "ఇంటికెళ్తూ 'పోతున్నా' అంటారుటమ్మా? మా కాకినాడ వైపు మనిషి పోతేనే ఆ మాటంటారు."

"మా దిక్కు బజారుకు పోయినా గదే అంటం, పెద్దమ్మా."

వీళ్ళిద్దరూ తేల్చుకునేలోపు మధు లిఫ్టు తలుపు కాలు అడ్డం పెట్టి ఆపాడు. ఎటూ తేలకుండానే దిగిపోయాం. కానీ మొదట అన్న మాట అననే అన్నాను కదా. పుప్పాలగూడలో మా ఇంటి మలుపు తిరిగేదాకా అత్తయ్య దండకం చదువుతూనే ఉంది.

జూలై 15

ఇల్లు ఎంత బాగుందో. అత్తయ్య మంచం దగ్గరికే అన్నీ అందిస్తోంది. పెసరట్టు కూడా ముక్కలు చేసి ఇచ్చింది, విరిగింది నా పళ్ళు అన్నట్టు.

వ్యాయామం రేపట్నుంచి.

జూలై 19

విజయవాడ నుంచి చుట్టాలొచ్చారు. వాళ్ళ ముందు కాలెత్తి దించుతూ ఏం బాగుంటుంది.

జూలై 26

వాన. వానకి మోకాలు లాగుతుందని అందరూ అంటారు.

ఆగస్టు 4

శిరీష ఫోన్ చేసింది. తియ్యగా మాట్లాడుతుంది ఆ పిల్ల. "వాసంతిగారూ, మీకోసం హెల్ప్‌డెస్క్‌లో ఒక సేఫ్ రోల్ ఉంది. కుర్చీ పని, నిచ్చెనలు ఎక్కక్కర్లేదు. మీరు పాత పనికే వస్తానంటే మాత్రం, డిసెంబర్లో జరిగే ఫిట్‌నెస్ టెస్టులో నిచ్చెన ఎక్కి చూపించాలి. లేదంటే ఆటోమేటిక్‌గా హెల్ప్‌డెస్కే."

నాకు పాత పనే కావాలన్నాను. గట్టిగా అన్నాను. అదేం ప్రశ్న? ఆ టవర్లో పైకప్పుల పైన ఉన్నదంతా నాకు తెలుసు. ఏ పైపు ఎటు తిరుగుతుందో కళ్ళు మూసుకుని చెప్తాను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి "మీ ఫిర్యాదు నమోదైంది" అనిపిస్తారా?

"కూర్చోబెట్టి జీతమిస్తామంటే ఏవిటే నీకు నొప్పి?" అంది అత్తయ్య. "ఇంకోసారి పడితే చూసే ఓపిక నాకు లేదమ్మాయ్."

మధు ఆ మాటకి తలూపాడు. ఆయన కూడా అత్తయ్య పక్షమే, మొహం చూస్తే తెలుస్తుంది.

నేను పట్టు వదల్లేదు. నా పని నాకే కావాలి.

ఈ రోజు వ్యాయామం కుదరలేదు. వాన.

ఆగస్టు 11

వాన.

ఆగస్టు 12

ఈ రోజు నిజంగా వాన పడింది.

ఆగస్టు 27

చెకప్. మోకాలు సగంలో ఆగిపోయింది. డాక్టరు వంచబోతే తుప్పుపట్టిన వాల్వులా మొరాయించింది. లోపల అతుక్కుపోయిందట. ఇక మత్తిచ్చి వాళ్ళే వంచాలి, ఆ తర్వాత మళ్ళీ రీహాబ్.

"వ్యాయామం రోజూ చేశారా?" అని అడిగాడు.

"వీలైనప్పుడల్లా" అన్నాను.

అత్తయ్య కళ్ళు మూసుకుని, "వెళ్ళొస్తానందండి, అదీ ఆసుపత్రి గుమ్మంలో" అని డాక్టరుకి చెప్పింది. డాక్టరుకి ఏం రాసుకోవాలో తెలియలేదు.

ఆగస్టు 29

మళ్ళీ నానక్‌రామ్‌గూడ. నన్ను చూసి భవాని నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"వచ్చినవా అక్కా?"

"వెళ్ళొస్తానన్నానుగా" అన్నాను, తమాషాగా.

"మాట మీద పెట్టకు. మోకాలు మాటలకు బిగుసుకపోదు." దుప్పటి తీసి కాలు పట్టుకుంది. "ఇంట్ల ఒక్కదినమన్న సక్కగ వంచినవా?"

చుట్టాలు, వాన, అన్నీ చెప్పబోయాను. ఆ పిల్ల వినకుండానే వంచడం మొదలెట్టింది. నేను పళ్ళు బిగించాను.

సెప్టెంబర్ 9

వార్డు నుంచి పంపేశారు, కానీ రోజూ వచ్చి చేయించుకోవాలి. అత్తయ్య కూడా వస్తోంది. ఇంట్లో ముద్దు చేసి నా కాలు పాడు చేసింది తనేనని ఎవరో చెప్పారట. ఎవరో కాదు, భవానే. ఇప్పుడు మంచం దగ్గరికి మంచినీళ్ళు కూడా రావడం లేదు. "వెళ్ళి తెచ్చుకో. మోకాలు నీది" అంటోంది. భవాని మాటలన్నీ నేర్చేసుకుంది.

సాయంత్రం బయల్దేరేటప్పుడు 'వెళ్ళొస్తా' అనే అంటున్నాను. రేపు రావాలి కాబట్టి దోషం లేదని ఇద్దరూ కలిసి తీర్పు చెప్పారు.

సెప్టెంబర్ 28

చంకకర్ర వదిలేశాను. మెట్లు ఎక్కుతున్నాను. అత్తయ్య కూడా నా పక్కన కుర్చీలో కూర్చుని కాళ్ళు లేపుతోంది, ఆవిడ మోకాళ్ళే ముందు బాగుపడేట్టున్నాయి.

కృతజ్ఞత: భవాని చేతులకి. నొప్పి పెట్టినందుకు కూడా.

అక్టోబర్ 6

మోకాలు వంగింది. మడమ వెనక్కి తగిలేంత కాకపోయినా, పని చేసుకునేంత. భవాని స్వీటు తెచ్చింది.

తిన్నాక హాలు మూలనుంచి చిన్న నిచ్చెన లాక్కొచ్చింది, ఇంట్లో అటకకి వాడేలాంటిది. "జర ఒక మెట్టు ఎక్కు అక్కా. డిసెంబర్ల పరీక్ష ఉంది గదా."

మోకాలు లాగుతోందన్నాను.

"ఇప్పుడే మెట్లు ఎక్కితివి, లాగలే."

చెప్పులు జారుతున్నాయన్నాను. విప్పమంది. బీపీ చూడమన్నాను. చూసింది, బాగానే ఉంది. ఏసీ గాలి మొహాన కొడుతోందన్నాను.

భవాని నిచ్చెన మడిచి గోడకి ఆనించింది. కోప్పడలేదు. "మోకాలు వంగింది అక్కా. ఇంకా వంగనిదేందో నువ్వే జెప్పు. గది నాకు దొరుకుతలేదు."

మోకాలే. కొత్తగా కలిసిన ఎముక. తొందరపడకూడదు.

అక్టోబర్ 6, మళ్ళీ

భయం.

అక్టోబర్ 7

నిన్న ఆ ఒక్క మాట రాసి పుస్తకం మూసేశాను. ఇప్పుడు రాసేస్తాను, ఎవరు చదవొచ్చారు.

నేను పడ్డది నాకు గుర్తుంది. చప్పుడు తర్వాత సంగతి గుర్తులేదు కానీ, చప్పుడుకి ముందుది గుర్తుంది. కాలు పెడితే కింద ఏమీ లేకపోవడం. నొప్పి దానిముందు ఏ మూలకి? రోజూ నడుస్తాం, కింద నేల ఉందా అని ఎవరు చూసుకుంటారు? ఆ రోజునుంచీ నాకు పైన ఏ సీలింగ్ చూసినా, అది పడుతుందని కాదు, దాని పైన నేనున్నట్టు ఉంటుంది. మంచం మార్పించింది అందుకే. ఆ టైలు కింద నడవనిది అందుకే. వాన ఎన్ని రోజులు పడిందో ఈ పుస్తకానికి తెలుసు. మోకాలు వంగకపోతే నిచ్చెన ఎక్కక్కర్లేదు. "నేను ఎక్కుతానన్నాను, పాపం మోకాలే ఒప్పుకోలేదు" అని అందరికీ చెప్పుకోవచ్చు.

కానీ నాకు ఆ పనంటే ఇష్టం. ఇదీ నిజమే. రెండూ నిజమైతే మనిషి ఏం చెయ్యాలి?

భవానికి చెప్పాను. చెప్పడానికి అరగంట తిప్పలు పడ్డాను. ఆ పిల్ల విని, "ఇంతేనా?" అంది. "మా దగ్గరకొచ్చేటోళ్ళల్ల సగం మందికి గిదే. ముందుగాల జెప్తే గింత పరేషాన్ ఉండకపోవు గదా. ఫికర్ జెయ్యకు. దీనికి సుత ఎక్సర్‌సైజ్ ఉంది."

అక్టోబర్ 9

ఎక్సర్‌సైజు ఏమిటంటే, ఆ కుంగిన టైలు కింద కుర్చీ వేసుకుని కూర్చోవడం. అంతే. అత్తయ్య పక్కన కూర్చుని విష్ణు సహస్రనామం చదివింది. చెమటలు పోశాయి. లేవలేదు.

అక్టోబర్ 13

నిచ్చెన కింది మెట్టు మీద నిలబడ్డాను. నవ్వొద్దని భవానికి ముందే చెప్పాను. నవ్వలేదు. అత్తయ్యే నవ్వింది, ఏడుస్తూ.

అక్టోబర్ 21

ఈ రోజు వెళ్ళేసరికి నిచ్చెన ఆ టైలు కింద వేసి ఉంది. ఆసుపత్రి మెయింటెనెన్స్ మనిషి దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"వచ్చిన దినంకెళ్ళి ఆ టైలు మీద ఫిర్యాదు జెప్తున్నవ్ గదా అక్కా" అంది భవాని. "పో. నువ్వే సరిజెయ్యి."

ఒక చేతిలో నిచ్చెన, ఇంకో చేతిలో గుండె. పైకెళ్ళేకొద్దీ నోరు ఎండిపోయింది. మధ్యలో ఆగిపోయాను. కింద అత్తయ్య వచ్చి నిచ్చెన రెండో పక్క పట్టుకుంది. "నేనున్నానే, ఎక్కు" అంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి నేను పడితే ఏం ఆపుతుంది? కానీ ఎక్కాను.

టైలు పక్కకి జరిపి తల లోపల పెట్టాను. దుమ్ము వాసన. గాలి పోయే డక్టు, వైర్లు, ఎవరో మరిచిపోయిన స్పానరు. టైలుని మోసే క్లిప్పు ఒకటి ఊడింది, అంతే సంగతి. దాన్ని బిగించి, టైలు కూర్చోబెట్టాను. పని అయిపోయింది. అక్కడే ఇంకాసేపు ఉందామనిపించింది.

ఆటోలో వస్తుంటే అత్తయ్య అడిగింది. "ఏముంటుందే పైన? అంతసేపు చూశావు?"

చెప్పాను. చల్లగాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో, నీళ్ళ పైపులు, మంటలార్పే పైపులు, కరెంటు, ఇంటర్నెట్టు, ఒకదాన్నొకటి తగలకుండా ఎలా దాటుకుంటాయో. కింద కూర్చున్నవాళ్ళు చల్లగా ఉందనుకుంటారు, ఎందుకుందో వాళ్ళకి తెలియదు, నాకు తెలుసు. నానక్‌రామ్‌గూడ నుంచి పుప్పాలగూడ దాకా చెప్తూనే ఉన్నాను.

దిగేటప్పుడు అత్తయ్య, "ఆ శిరీషకి చెప్పు, పలకలన్నిటికీ బోల్టులు వేయించమని. వేశాక ఫోటో పంపమను, నేను చూడాలి" అంది.

హెల్ప్‌డెస్క్ ఊసెత్తలేదు.

నవంబర్ 14

రీహాబ్‌లో ఆఖరి రోజు. భవాని కాగితాల మీద సంతకాలు చేసి చేతికిచ్చింది. గుమ్మం దాకా వచ్చింది. ముగ్గురం అక్కడ ఆగాం. ఎవరం మాట్లాడటం లేదు, ఒక్క మాట తప్పు దొర్లితే మళ్ళీ మొదటికొస్తుందేమోనని.

 ఈ పిల్లని వదిలి వెళ్తూ 'మళ్ళీ వస్తా'నని అనకుండా ఎలా? అనాలని ఎంత ఉందో.

"పో..." అన్నాను. మిగతాది రాలేదు. ముప్ఫై ఆరేళ్ళుగా అనని మాట.

అత్తయ్య భవాని చెయ్యి పట్టుకుంది. "పోతున్నామమ్మా" అంది స్పష్టంగా. కాకినాడలో పుట్టి పెరిగిన కనకలక్ష్మిగారు. "మళ్ళీ రాం."

"పోతున్న భవానీ" అన్నాను నేను కూడా.

"పో అక్కా" అంది భవాని, కళ్ళు తుడుచుకుంటూ. "పో. మల్ల రాకు."

అంత మంచి దీవెన నాకెవరూ ఇవ్వలేదు. తన పెళ్ళికి రమ్మని శుభలేఖ మాత్రం చేతిలో పెట్టింది. పెళ్ళి ఫిబ్రవరిలో, హాలు గచ్చిబౌలిలో. అక్కడ ఏ మాటైనా అనుకోవచ్చట.

డిసెంబర్ 1

ఫిట్‌నెస్ టెస్టు పాస్.  నిచ్చెనంటే భయమని డాక్టరుకి ముందే చెప్పాను. "అయినా ఎక్కుతారా?" అన్నాడు. ఎక్కాను.

శిరీష ఫోటోలు పంపింది. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని ఫోనులో ఒక్కో బోల్టూ పెద్దది చేసి చూసింది. ఓ చోట వాషర్ లేదేమని అడిగింది. నిజంగానే లేదు.

డిసెంబర్ 4

పొద్దున్న గుమ్మంలో చెప్పులేసుకుంటున్నాను. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి నిలబడింది.  మధు కూడా పేపరు దించాడు.

"వెళ్ళొస్తాను అత్తయ్యా."

"ఊఁ" అంది. అప్పుడు వెళ్ళింది లోపలికి.

మొదటి ఫిర్యాదు ఏడో అంతస్తు మీటింగ్ రూముది. సీలింగ్ నుంచి నీళ్ళు. ఇన్ని నెలలూ ఆ లీకు అలాగే ఉంది! కొత్త బల్ల వేశారు, కొత్త సీలింగ్ వేశారు, లీకు కింద బకెట్ పెట్టుకున్నారు. నాకు నవ్వాగలేదు.

తలుపు తీస్తే లోపల రోహిత్ టీమే. నన్ను, నా చేతిలో నిచ్చెనని చూసి అందరూ లేచి నిలబడ్డారు. తెర మీద క్లయింటు కూడా లేచినట్టనిపించింది.

"మేడమ్! మీరా?" అన్నాడు రోహిత్. "మేం... మీటింగ్ కంటిన్యూ చెయ్యమంటారా?"

అందరూ నా నోటివంకే చూస్తున్నారు. ఆ మాట కోసం. నా నాలిక చివరికి వచ్చింది కూడా, అలవాటు కదా. మింగేశాను.

"లేదండి. మీటింగ్ ఆపి బయటికి రండి. పని జరిగేటప్పుడు కింద మనుషులుండకూడదు. ఇప్పుడు నేను కానివ్వాలి."

లాప్‌టాప్‌లు పట్టుకుని మారుమాటాడకుండా వెళ్ళారు. తలుపు అద్దంలోంచి తొంగి చూస్తూనే ఉన్నారనుకో.

నిచ్చెన ఎక్కాను. మధ్యలో గుండె దడదడలాడింది. ఆగి, అది తగ్గేదాకా ఉండి, మళ్ళీ ఎక్కాను. అట్ట తీశాను. పలకని చేత్తో ఊపి చూశాను, కదల్లేదు. అడుగు పెట్టకముందే కొక్కెం తగిలించాను. 'టక్' మన్న చప్పుడు విన్నాను. ఇంకోసారి లాగి చూశాను.

కిందికి చూస్తే, అద్దం వెనక రోహిత్ గుటకలు మింగుతున్నాడు. ఆ అబ్బాయికే నాకంటే భయంగా ఉన్నట్టుంది. ఏదో ఒకటి చెప్పాలనిపించింది.

"వెళ్ళొస్తాను" అన్నాను.

వెళ్ళాను. పైపు జాయింటు బిగించాను. నిచ్చెన మీదుగా వచ్చాను.